సేఫ్టీ టెస్టింగ్ కంపెనీని ఎంచుకునే ముందు స్కోప్ పేజీ చదవండి: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

ఒక పెద్ద హాస్టల్లో మెయింటెనెన్స్ బాధ్యత నాది. ఇస్త్రీ పెట్టెలు, కెటిల్స్, వాషింగ్ మెషీన్లు, టేబుల్ ఫ్యాన్లు, హెయిర్ డ్రయ్యర్లు, లెక్కలేనన్ని ఎక్స్‌టెన్షన్ బోర్డులు... పిల్లలు తడి చేతులతో ముట్టుకునేవన్నీ నా కిందికే వస్తాయి. వీటన్నింటికీ సేఫ్టీ టెస్టింగ్ చేసే ఒక కంపెనీతో కొన్నేళ్లుగా పని చేయిస్తున్నాం. పేరు చెప్పి ప్రచారం చేయడం నా ఉద్దేశం కాదు. ఆ కంపెనీ ఎందుకు నచ్చింది, ఎక్కడ ఇబ్బంది పెట్టింది, ఇలాంటి పనికి మనిషిని వెతుక్కుంటున్నవాళ్లు ఏం చూసుకోవాలి అన్నది రాస్తున్నాను.

నేను ఈ పనిలోకి వచ్చేసరికి ఫైల్లో అంతకుముందు వేరే కంపెనీ ఇచ్చిన రిపోర్టు ఉంది. మంచి బైండింగ్, అట్ట మీద 'ఐఎస్ఓ సర్టిఫైడ్' అని పెద్ద ముద్ర. లోపల అన్నీ పాస్. వరుసగా చూసుకుంటూ పోతే ఎర్త్ కంటిన్యుటీ (లోహపు బాడీ నుంచి ప్లగ్గు దాకా ఎర్త్ తీగ తెగకుండా ఉందా అని చూసే కొలత) గడిలో ప్రతి వస్తువుకీ ఒకటే అంకె, 0.05 ఓమ్. రెండు మీటర్ల వైరున్న ఇస్త్రీ పెట్టెకూ అదే, పది మీటర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డుకూ అదే. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 0.013 ఓమ్ నిరోధం ఉంటుంది. పది మీటర్లంటే తీగ ఒక్కటే 0.13 దగ్గర చూపించాలి. అంతకన్నా ఘోరం, హెయిర్ డ్రయ్యర్లకు కూడా ఎర్త్ రీడింగ్ రాశారు. వాటి మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంది. అంటే క్లాస్ 2, డబుల్ ఇన్సులేషన్. వాటికి ఎర్త్ తీగే ఉండదు. లేని తీగకు కొలత ఎక్కణ్నుంచి వచ్చింది? ఒక్క వస్తువుకైనా మీటర్ పెట్టారో లేదో అన్న అనుమానంతో నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అన్ని వస్తువులూ మళ్లీ టెస్ట్ చేయించాల్సిందేనని పట్టుబట్టాను.

ఆ ముద్ర సంగతి కూడా ఆరా తీశాను. అది ఐఎస్ఓ 9001. కంపెనీ తన పనిని ఒక పద్ధతి ప్రకారం నడుపుకుంటోందని మాత్రమే అది చెబుతుంది. కరెంటు వస్తువును సరిగ్గా కొలవడం వాళ్లకు వచ్చా రాదా అన్నది అందులో తేలదు. పైగా ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ నేరుగా ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. టెస్టింగ్ ల్యాబ్‌కు కావాల్సింది ఐఎస్ఓ/ఐఈసీ 17025 కింద అక్రెడిటేషన్, అంటే ఆ పరీక్షలు సరిగ్గా చేయగలరని బయటి సంస్థ ఇచ్చే గుర్తింపు. 1999లో వచ్చిన ఈ ప్రమాణానికి ఇప్పుడు నడుస్తున్నది 2017 కూర్పు. తనిఖీ సంస్థలకైతే 17020 ఉంది. ఆ అక్రెడిటేషన్ ఇచ్చేది కూడా గుర్తింపు పొందిన సంస్థే కావాలి. ఇండియాలో ఎన్ఏబీఎల్, బ్రిటన్‌లో యూకాస్ అలాంటివి. ఇలాంటి సంస్థలు ఒకరి గుర్తింపును మరొకరు ఒప్పుకునేలా ఐలాక్ అనే వేదిక కింద 2000లో ఒప్పందం కుదిరింది. కంపెనీ చెప్పుకుంటున్న సంస్థ ఆ ఒప్పందంలో ఉందో లేదో చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

అసలు విషయం స్కోప్, అంటే ఆ అక్రెడిటేషన్ ఏయే పరీక్షలకు వర్తిస్తుందన్నది. చాలామంది సర్టిఫికెట్ మొదటి పేజీ చూసి ఊరుకుంటారు. అక్రెడిటేషన్ కంపెనీ మొత్తానికి గంపగుత్తగా రాదు. ఫలానా పరీక్ష, ఫలానా పద్ధతి, ఫలానా కొలతల పరిధి అని ఒక్కొక్కటిగా వస్తుంది. ఆ జాబితా అనుబంధంలో ఉంటుంది. నేను కొటేషన్లు అడిగినప్పుడు ఒక కంపెనీ పంపిన సర్టిఫికెట్ అసలైనదే. అనుబంధం తెరిస్తే వాళ్లకు అక్రెడిటేషన్ ఉన్నది కేబుల్ పరీక్షలకు! ఇంకొకరి స్కోప్‌లో మనకు కావాల్సిన పరీక్షలున్నాయి కానీ వాళ్ల ల్యాబ్‌లో చేస్తేనే, మన దగ్గరికొచ్చి చేస్తే వర్తించదు. వాషింగ్ మెషీన్లు మోసుకుపోలేం కదా. అందుకే సర్టిఫికెట్ నంబరు తీసుకుని, దాన్ని ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్లో నేనే వెతికి, గడువు, సస్పెన్షన్, స్కోప్ మూడూ చూశాకే మాట్లాడటం మొదలుపెట్టాను. కంపెనీ పంపిన పీడీఎఫ్ మీద మాత్రం ఆధారపడకండి.

ఇప్పుడున్న కంపెనీ మీద నాకు నమ్మకం కుదిరింది మొదటిసారి వచ్చినప్పుడే. వాళ్ల టెక్నీషియన్ ఇస్త్రీ పెట్టెను తీసుకుని ముందు మీటర్ జోలికి పోలేదు. ప్లగ్గు పిన్నుల మీద కాలిన మచ్చలున్నాయా, వైరు హ్యాండిల్లోకి వెళ్లేచోట తొడుగు చిట్లిందా అని వేలితో తడిమి చూసింది. తర్వాత క్లిప్పును పెయింటు లేని లోహానికి తగిలించింది. రీడింగ్ 0.09 దగ్గర నిలిచింది. అక్కడితో ఆపేస్తే పాసే. కానీ ఆవిడ మీటర్ మీదినుంచి చూపు తిప్పకుండా వైరును ఈ చివరినుంచి ఆ చివరిదాకా మెల్లగా వంచుకుంటూ వెళ్లింది. హ్యాండిల్ దగ్గరికి రాగానే అంకె ఒక్కసారిగా 2 దాటింది. వదిలేస్తే మళ్లీ 0.09. లోపల ఎర్త్ తీగ పోగులు దాదాపు అన్నీ తెగి, ఒకటో రెండో పట్టుకుని ఉన్నాయి. అలాంటి ఇస్త్రీ పెట్టె మామూలుగానే వేడెక్కుతుంది, బట్టలు ఇస్త్రీ అవుతాయి, ఎవరికీ ఏమీ తెలియదు. లోపల లైవ్ తీగ బాడీకి తగిలిన రోజున దాన్ని పట్టుకున్న పిల్లకు షాక్ కొడుతుంది. ఆ వైరు వంచడం చూశాక ఇంకో కంపెనీ వైపు చూడాలనిపించలేదు.

ఇన్సులేషన్ పరీక్షకు (కరెంటు బయటికి లీకవకుండా తొడుగు ఆపుతోందా అని చూసేది) మామూలుగా 500 వోల్టుల డీసీ పెడతారు. ఎర్త్ ఉన్న వస్తువుకు కనీసం 1 మెగాఓమ్, డబుల్ ఇన్సులేషన్ దానికి 2 రావాలన్నది చాలాచోట్ల పాటించే లెక్క. సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజీ ఒక్కసారిగా పెరిగితే కాపాడే భాగం) ఉన్న బోర్డు వచ్చినప్పుడు ఆవిడ అడగకుండానే 250కి తగ్గించింది. 500 పెడితే లోపలి భాగమే కరెంటును దారి మళ్లించి, మంచి బోర్డు కూడా పాడైనట్టు చూపిస్తుంది. పని తెలిసినవాళ్లకే తట్టే విషయమిది.

రిపోర్టులో పాస్, ఫెయిల్ అనే మాటలతో పాటు ప్రతి వస్తువుకూ అసలు రీడింగు, వాడిన మీటర్ సీరియల్ నంబరు, దాని కాలిబ్రేషన్ తేదీ (మీటర్ సరిగ్గా చూపిస్తోందా అని సరిచూసిన రోజు) ఉంటాయి. కొలతలో ఎంత తేడా ఉండొచ్చో, హద్దుకు దగ్గరగా వచ్చినదాన్ని ఏ నియమంతో తేల్చారో కూడా రాస్తారు. దీని విలువ ఏళ్లు గడిచేకొద్దీ తెలిసింది. ఒక వాషింగ్ మెషీన్ ప్రతిసారీ పాసే. పాత రిపోర్టులు పక్కపక్కన పెడితే ఇన్సులేషన్ రీడింగు ఏటికేడాది పడిపోతోంది. విప్పించి చూస్తే ట్యాంకు సీలు నుంచి నీరు చుక్కచుక్కగా మోటారు మీదికి కారుతోంది. ఉత్త పాస్ స్టిక్కరే ఉండుంటే ఇది పట్టుకునేవాళ్లం కాదు.

ఇంకో మంచి సంగతి, వీళ్లు రిపేర్లు చేయరు, కొత్త వస్తువులు అమ్మరు. ఫెయిలైన వస్తువు వల్ల వాళ్లకు పైసా లాభం లేదు కాబట్టి ఫెయిల్ అంటే అనుమానించే పని లేదు. వస్తువుకు ఇంత అని డబ్బు తీసుకునే చోట, రోజులో ఎన్ని చేస్తారో ముందే అడగండి. మరీ పెద్ద సంఖ్య చెప్పారంటే చూడటం, వంచడం, కొలవడం అన్నీ జరగవు.

ఇబ్బందులూ ఉన్నాయి. రిపోర్టు ఆలస్యంగా వస్తుంది. సంతకం చేసే అధికారం ఉన్నవాళ్లు పరిశీలించాకే విడుదల చేస్తారు కాబట్టి కొంత అర్థం చేసుకోగలను, కానీ ఫెయిలైన వాటి జాబితా కూడా దానితోనే ఇస్తామంటే కుదరదు. గట్టిగా అడిగాక ఇప్పుడు ఆ జాబితా మాత్రం అదే రోజు చేతికి ఇస్తున్నారు. ఇస్త్రీ పెట్టెల మీది స్టిక్కర్లు వేడికి ఊడిపోతున్నాయి. వైరు మీద ట్యాగ్ కట్టమంటే కొన్నిసార్లు కడతారు, కొన్నిసార్లు మర్చిపోతారు. టెస్టింగ్ రోజు మెషీన్లు ఆపాలి, పిల్లలు గొణుగుతారు.

గోడల్లోని వైరింగ్, మెయిన్ బోర్డు వీళ్ల స్కోప్‌లో లేవు. ఆ మాట మొదటి సమావేశంలోనే వాళ్లే చెప్పారు, ఒప్పందంలోనూ రాశారు. ఆ పనికి వేరే తనిఖీ సంస్థను తీసుకున్నాం, వాళ్ల అనుబంధం కూడా నేనే వెతికి చదివాను. ఈ కంపెనీతో ఒప్పందం మాత్రం మళ్లీ పొడిగించాం, ఈసారి వైరు ట్యాగులు తప్పనిసరి అని షరతు చేర్చి.