రియాక్టివ్ కుక్కకి ఐదు మీటర్ల లాంగ్ లైన్: వాడి చూశాక నా రివ్యూ

ఇది లాంగ్ లైన్ అనే ఒక పొడవాటి లీష్ గురించి రివ్యూ. లీష్ గురించి ఇంత రాయాలా అనిపించొచ్చు కానీ, దూరంగా ఇంకో కుక్క కనబడగానే ఒళ్లంతా బిగబట్టి, బెల్ట్ తెంచుకునేలా ముందుకు దూకుతూ, మనం ఎంత పిలిచినా వినబడనట్టు మొరిగే కుక్క (రియాక్టివ్ అనేది ఇలాంటివాటినే) మీ ఇంట్లో కూడా ఉంటే ఎందుకు రాస్తున్నానో మీకే అర్థమవుతుంది.

నేను వాడుతున్నది బయోథేన్‌తో చేసింది. లోపల పాలిస్టర్ పట్టీ ఉంటుంది, దాని మీద ప్లాస్టిక్ పూత. నీళ్లు పీల్చుకోదు, బురదలో ఈడ్చుకొచ్చినా తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఇంతకుముందు నైలాన్‌ది ఉండేది, అది తడిస్తే బరువెక్కిపోయేది, దారిలో ఉన్న ముళ్లగింజలన్నీ అంటించుకునేది, ఆరేదాకా ఒకటే వాసన. శుభ్రం విషయంలో బయోథేన్‌కి వంక పెట్టడానికేమీ లేదు.

కానీ నాకు ఇది నచ్చింది శుభ్రం వల్ల కాదు, వదులు వల్ల. మామూలు లీష్ ఒకటిన్నర, రెండు మీటర్లుంటుంది. ఎదురుగా కుక్క వస్తోందంటే మనకి టెన్షన్, తెలియకుండానే చేతికి రెండు చుట్లు చుట్టేసి దగ్గరికి లాగేస్తాం. ఇప్పుడు కుక్క వైపు నుంచి చూడండి. భయపడి పక్కకి తప్పుకుందామంటే చోటు లేదు, నేల వాసన చూసి కాస్త తేరుకుందామంటే తల కిందికి వంగదు. లీష్ లేకుండా కలిసే కుక్కలు సాధారణంగా తిన్నగా ఎదురెదురుగా రావు, పక్కనుంచి వంపు తిరిగి వస్తాయి, మధ్యలో ఆగి నేల వాసన చూస్తాయి, మొహం తిప్పుకుంటాయి. బిగించిన లీష్ మీద ఇవేవీ కుదరవు. ఛాతీ పైకి లేచి, మెడ సాగి, అవతలి కుక్కకి ఇది కయ్యానికి కాలుదువ్వుతున్నట్టే కనబడుతుంది. ఇక మిగిలింది అరుపే.

లాంగ్ లైన్‌తో మారేది సరిగ్గా ఇదే. మా చింటూకి ఖాళీ మైదానంలో అవతలి కుక్క చివరెక్కడో కనబడుతుంది. నోరు టక్కున మూసుకుంటుంది, చెవులు ముందుకొస్తాయి, తోక పైకి లేచి బిర్రుగా ఆగిపోతుంది, బరువంతా ముందుకాళ్ల మీదకి వస్తుంది. నేను లాగను, పిలవను. లైన్ మా ఇద్దరి మధ్య గడ్డిని తాకుతూ ఉంటుంది. కాసేపటికి ఒక చెవి నా వైపు తిరుగుతుంది, తర్వాత తల తిరుగుతుంది, "శభాష్" అనగానే నా దగ్గరికి నడిచొచ్చి ట్రీట్ తీసుకుంటాడు. వచ్చేది వాడంతట వాడే. వాణ్ణి లాక్కొచ్చి కూర్చోబెట్టడం వేరు, వాడే తల తిప్పి రావడం వేరు, రెండోది చూసిన రోజు నాకు కళ్లు చెమర్చాయి.

దీని వెనకున్న పద్ధతి పాతదే. ముందు అవతలి కుక్క కనబడాలి, ఆ వెంటనే మనవాడికి బాగా ఇష్టమైనది నోటికందాలి. క్రమం తప్పకూడదు. ట్రీట్ ముందు చూపించి తర్వాత కుక్కని చూపిస్తే, ట్రీటే ప్రమాదానికి గుర్తయిపోయే అవకాశం ఉంది. అన్నిటికంటే ముఖ్యం దూరం. కుక్కని చూసి కూడా తినగలుగుతున్నాడంటే దూరం సరిపోయినట్టు, ట్రీట్ మొహం కూడా చూడట్లేదంటే మనం చాలా దగ్గరికి వచ్చేశామన్నమాట, మాట్లాడకుండా వెనక్కి తిరగడమే. ఒకసారి గట్టిగా రెచ్చిపోతే ఆ ఉద్రేకం ఒంట్లోంచి వెంటనే దిగదు, తర్వాత చిన్న చప్పుడుకి కూడా ఉలిక్కిపడతాడు. అలాంటప్పుడు ట్రైనింగ్ పక్కనపెట్టి, ఎవరూ లేని చోట లైన్ వదులుగా ఉంచి వాడికి కావలసినంతసేపు వాసనలు చూడనివ్వండి.

చాలామంది అడిగేది, బటన్ నొక్కితే సాగే లీష్ ఉందిగా, అదెందుకు కాదని. అందులో స్ప్రింగ్ ఎప్పుడూ కొద్దిగా లాగుతూనే ఉంటుంది, వదులు అనేది కుక్కకి తెలియనే తెలియదు, పైగా లాగితేనే ఇంకాస్త పొడవు దొరుకుతుందని నేర్చుకుంటుంది. సన్నటి తాడు రకాలైతే వేళ్లు కోసుకుపోతాయి కూడా. రియాక్టివ్ కుక్కకి నేనైతే అస్సలు చెప్పను.

ఆన్‌లైన్‌లో లాంగ్ లైన్ వెతుకుతుంటే పక్కనే షాక్ కాలర్లు, ముళ్ల కాలర్లు కూడా చూపిస్తారు, "వెంటనే మొరగడం మానేస్తుంది" అని. దయచేసి అటు వెళ్లకండి. భయంతో మొరిగే కుక్కకి అవతలి కుక్క కనబడినప్పుడల్లా నొప్పి తగిలితే భయం పెరగక తగ్గుతుందా? అమెరికాలో జంతువుల ప్రవర్తన మీద పనిచేసే వెటర్నరీ డాక్టర్ల సంఘం 2021లో ఇచ్చిన ప్రకటనలో, ప్రవర్తన సమస్యలున్న కుక్కలతో సహా అన్నిటికీ బహుమతులతో నేర్పే పద్ధతులే వాడాలని చెప్పింది. వేల్స్‌లో షాక్ కాలర్లని 2010లోనే నిషేధించారు. ఇంకో మాట, నిన్నటిదాకా బాగున్న కుక్క ఉన్నట్టుండి ఇలా మారితే లీష్ కంటే ముందు డాక్టర్‌కి చూపించండి. కీళ్లలోనో చెవిలోనో నొప్పి ఉండొచ్చు.

ఇక లోపాలు. లైన్ పట్టుకోవడం అలవాటు కావాలి, మొదట్లో కాళ్లకి చుట్టుకుంటుంది. మిగిలిన పొడవుని చేతి చుట్టూ ఎప్పుడూ చుట్టొద్దు, కుక్క దూకితే వేళ్లు విరగొచ్చు, మడతలు మడతలుగా అరచేతిలో పట్టుకోవాలి. బయోథేన్ అయినా వేగంగా జారితే చెయ్యి మండుతుంది కాబట్టి గ్లవ్స్ మంచిది. మెడ బెల్ట్‌కి అస్సలు తగిలించకూడదు, అంత పొడవులో పరిగెత్తి చివర ఆగితే ఆ కుదుపంతా మెడ మీదే పడుతుంది. హార్నెస్‌కి (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీలు), అదీ వీపు మీది రింగుకే తగిలించాలి. నాకొచ్చిన దాంట్లో హుక్కు అవసరానికి మించి పెద్దది, చిన్న కుక్కలకి వీపు మీద బరువుగా ఉంటుంది. చలికి పట్టీ కాస్త బిరుసెక్కుతుంది కూడా.

ఇరుకు వీధుల్లో, బళ్లు తిరిగే రోడ్డు మీద దీన్ని పూర్తి పొడవు వదలడం ప్రమాదం. అలాంటి చోట్ల మామూలు లీష్‌తో నడిచి, ఖాళీ స్థలానికి చేరాక ఇది తగిలిస్తాను. మార్చేటప్పుడు మాత్రం కొత్తది తగిలించాకే పాతది తీయండి.

కొనేవాళ్లు ఐదు మీటర్లతోనే మొదలుపెట్టండి. పది మీటర్లదైతే కుక్కకి వేగం అందుకునేంత చోటు దొరుకుతుంది, అప్పుడు ఆపడం మనకీ కష్టం, వాడికీ దెబ్బే. మధ్యస్థం సైజు కుక్కకి పదమూడు మిల్లీమీటర్ల వెడల్పు సరిపోతోంది. చేతి దగ్గర ఉచ్చు లేనిది దొరికితే అదే తీసుకోండి, నేల మీద ఈడ్చుకుపోయేటప్పుడు దేనికీ చిక్కుకోదు. నేను మాత్రం ఇది అరిగిపోతే మళ్లీ ఇదే కొంటాను, ఈసారి చిన్న హుక్కుతో.