ఓపెన్‌స్టాక్స్ బయాలజీ 2ఇ: మా ఎమ్మెస్సీ పిల్లలతో కలిసి తెలుగు నోట్స్ చేశాక నా రివ్యూ (4/5)

నెల్లూరులో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్తాను. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీష్ మీడియం అయిపోయింది కదా, ఇంటర్ దాకా తెలుగులో చదివొచ్చిన పిల్లలు పుస్తకం తెరిచి అట్టే బిక్కమొహం వేసుకుని కూర్చుంటారు, వాళ్ళ కోసం ఏదన్నా చేద్దామని వెతుకుతా ఉంటే ఇది దొరికింది. అమెరికాలో రైస్ యూనివర్సిటీ వాళ్ళ బయాలజీ పాఠ్యపుస్తకం, ఈ రెండో ఎడిషన్ 2018లో వచ్చింది, నెట్లో ఫ్రీ.

ఫ్రీ అనే దానికన్నా నాకు నచ్చింది లైసెన్సు. సీసీ బై 4.0 (క్రియేటివ్ కామన్స్ వాళ్ళది), అంటే అసలు రాసినవాళ్ళ పేరు చెప్పి, ఏం మార్చామో రాసి, తెలుగులోకి తెచ్చుకోవచ్చు, జిరాక్స్ తీసి పంచుకోవచ్చు, ఎవుర్నీ అడగబళ్ళేదు.

నలుగురు ఎమ్మెస్సీ పిల్లల్ని కూర్చోబెట్టి 28వ చాప్టర్లో ఆర్థ్రోపాడ్స్ (పురుగులు, రొయ్యలు, పీతల్లాంటి కీళ్ళ కాళ్ళ జీవులు) మొదలుపెట్టాం. ఇన్నేళ్ళు చెప్పీ చెప్పీ పిల్లలు ఎక్కడ తట్టుకుంటారో నాకు కనపడదు, వీళ్ళకైతే ఆ కష్టం నిన్న మొన్నటిదే. పెంకు విడవడాన్ని నేను నిర్మోచనం అని రాస్తే అల్లూరు తట్టు అమ్మాయి, వాళ్ళ నాన్నకి రొయ్యల చెరువుంది, "మేడమ్, గట్టు మీద ఈ మాట ఎవురూ అనరు, మోల్టింగ్ అనే అంటారు, అమావాస్యకి పౌర్ణమికి మేత తగ్గించేది దానికే కదా" అంది. ఆ ఆదివారం చెరువుకి పోయి చెక్ ట్రే (మేత తింటున్నాయో లేదో చూసే వల పళ్ళెం) పైకి లాగి ఫోటో తీసుకొచ్చింది. తడి వల మీద వెనామీ రొయ్య విడిచిన పెంకు, గాజులాంటి పల్చటి కాయితంలాగా, కాళ్ళు మీసాలతో సహా, లోపల ఏం లేదు. పక్కనే మెత్తగా ఉన్న రొయ్య. పెంకులో కాల్షియం కార్బొనేట్ ఉంటుందని పుస్తకంలో ఒక్క ముక్కలో ఉంది, ఆ అమ్మాయి ఫోటో కింద చెరువులో మినరల్స్ ఎందుకు చల్లుతారో నాలుగు లైన్లు రాసింది. ఇప్పుడు మా క్లాసులో ఎక్కువ మంది చదివేది ఆ నాలుగు లైన్లే.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, క్రస్టేషియన్లకి, అంటే రొయ్యలు పీతల జాతికి, ఇచ్చిన చోటు బాగా తక్కువ. రొయ్య పిల్ల దశలైన నాప్లియస్, జోయియా లార్వాలని ఊరికే అట్టా తాకి వదిలేశారు, రొయ్య పిల్లల హేచరీల పక్కన పుట్టిన మా పిల్లలకి అది ఏం సరిపోద్ది, వాటి తర్వాత దశలు మైసిస్, పోస్ట్ లార్వా మేమే రాసుకున్నాం. ఇంకోటి, బొమ్మల కింద అవి ఎవరివో చెప్పే క్రెడిట్ లైన్లు వేరే వేరేగా ఉంటాయి, మొదట్లో అవి వదిలేసి మళ్ళీ రెండ్రోజులు కూర్చుని సరిచేసుకున్నాం, మీరు మాత్రం బొమ్మ తీసుకున్నప్పుడే కింద లైన్ కూడా కాపీ చేసుకోండి.

పిల్లల పేర్ల సంగతి గట్టిగానే చెప్తాను. వాళ్ళ చేత రాయించుకుని అట్ట మీద మన పేరు వేసుకోవడం తప్పు. మా నోట్స్ మొదటి పేజీలో నలుగురి పేర్లూ ఉన్నాయి. ఒకబ్బాయి "ఇట్టా ఓపెన్‌గా పెడితే ఎవరన్నా కొట్టేస్తారేమో మేడమ్" అని భయపడ్డాడు, పక్కన కూర్చోబెట్టుకుని లైసెన్సు చదివించాను, వాడుకునేవాళ్ళు నీ పేరు వెయ్యాల్సిందేరా అని చూపించాక వాడే ముందుగా సరేనన్నాడు. నలుగురూ ఒప్పుకున్నాకే మాది కూడా అదే లైసెన్సు కింద పెట్టాం.

పీడీఎఫ్ మొత్తం దించుకోబాకండి, చాలా పెద్దది. కావాల్సిన చాప్టర్ వెబ్‌లోనే తెరుచుకోండి, ఫోన్లో కూడా బానే కనపడద్ది. మేం సెమిస్టర్ సెలవుల్లో 29వ చాప్టర్లో చేపల భాగం పట్టుకుంటాం.