ముందు తలుపు బూట్ల డబ్బాలు: ఆరు వర్షాకాలాల తరువాత

2019 మే నెలాఖరున, రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతున్న రోజుల్లో, బూట్లు దాచుకునే ప్లాస్టిక్ డబ్బాలు ఆరు తెప్పించాను. ముందువైపు లోపలిది కనిపించే తలుపు, దానికి చిన్న అయస్కాంతం, వెనకవైపు గాలి రంధ్రాలు, ఒకదాని మీద ఒకటి పేర్చుకునే వీలు. ఆరింటికీ కలిపి పదహారు వందల దాకా అయింది. దుమ్ము, చెమ్మ, బూజు మూడింటి నుంచీ కాపాడతాయని అట్టపెట్టె మీద రాసి ఉంది. హనుమకొండలో ఆరు వర్షాకాలాలు వాటితో గడిపాక చెబుతున్నాను: దుమ్ము మాట నిజం. మిగిలిన రెండూ నిజం కావు.

నేను డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతాను, బండి మీద వెళ్లి వస్తాను. మృగశిర ప్రవేశించి ముసురు మొదలైందంటే తోలు బూట్లు పక్కన పెట్టి రబ్బరు చెప్పుల్లోకి మారిపోతాను. మళ్లీ వాటిని తీసేది దసరాకే. అంటే ఏడాదిలో నాలుగు నెలలు అవి చీకట్లో ఉండాలి. ఆ నాలుగు నెలలూ మా దగ్గర గాలి తడిగా ఉండే నెలలే.

మొదటి ఏడాది దసరాకు గోధుమరంగు జత ఉన్న డబ్బా తెరిచాను. తలుపు తీయగానే ముక్కిన వాసన కొట్టింది. బూటు నాలుక కింద, ముందుభాగంలో కుట్టు వెంట, మడమ దగ్గర చెమట ఎక్కువగా పట్టే చోట, తెల్లటి నూగు పరుచుకుని ఉంది. వేలితో తాకితే పిండిలా అంటుకుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, బాల్కనీలో కూర్చుని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అంతే నీళ్లు కలిపి మెత్తటి గుడ్డతో తుడిచి, రెండు రోజులు నీడలో ఆరబెట్టాను. బూజు పోయింది కానీ కుట్టు పక్కన రెండు నల్ల మచ్చలు ఈనాటికీ ఉన్నాయి.

తప్పు డబ్బాది ఒక్కదానిదే కాదు. జూన్ మొదటి వానలో ఒక రోజు తడిసిన బూట్లను మర్నాడే మందంగా పాలిష్ పట్టించి లోపల పెట్టాను. పైకి ఆరినట్టే ఉన్నాయి. లోపలి అట్ట, మడమ కింది పొర ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ తడి మీద మైనం పూత వేస్తే లోపలి చెమ్మకు బయటికి దారి ఉండదు. తోలుకు పట్టిన చెమట, పాలిష్‌లోని కొవ్వు, ఇవే బూజుకు తిండి. ఇప్పుడు ఆఖరిసారి వేసుకున్నాక లేసులు పూర్తిగా విప్పి, లోపలి అట్ట బయటికి తీసి, ఫ్యాను కింద రెండు రోజులు వదిలేస్తాను. ఎండలో పెట్టను. మా ఎండకు తోలు బిరుసెక్కుతుంది, సోలు అతికించిన జిగురు వదులుతుంది. లోపల కాగితం కుక్కుతాను, అదీ అచ్చు లేని తెల్ల కాగితం. ఒకసారి దినపత్రిక కుక్కితే లేత రంగు లోపలి గుడ్డ మీద సిరా దిగింది.

రెండో ఏడాది మూడు వందలు పెట్టి తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు కొన్నాను. ఈ ఆరేళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది అదే. జూలైలో ముసురు పట్టిన ఒక సాయంత్రం గదిలో 83 శాతం చూపించింది. అదే మీటరును డబ్బాలో పెట్టి తలుపు వేసి మర్నాడు చూస్తే 81. గదికీ డబ్బాకూ తేడా రెండంటే రెండు శాతం. తేమ 65, 70 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే తోలు మీద బూజు పెరగడానికి అది చాలు. వెనక రంధ్రాలు, తలుపు చుట్టూ సందు ఉండగా గదిలో ఉన్న గాలే డబ్బాలోనూ ఉంటుంది.

అప్పుడు తేమను పీల్చే సిలికా జెల్ సంచులు వేశాను. యాభై గ్రాముల సంచి పది రోజుల్లో అరవై నాలుగు గ్రాములు తూగింది. వంటింటి త్రాసు మీద తూచి చూసిన లెక్క ఇది. ఆ జెల్ తన బరువులో దాదాపు మూడోవంతు దాకా నీటిని పీల్చుకోగలదు, ఆ తరువాత పనిచేయదు. రంధ్రాలున్న డబ్బాలో అది బూట్లను కాదు, మా పడకగది మొత్తాన్ని ఆరబెట్టాలని చూస్తుంది. గాలి ఆడాలంటే రంధ్రాలు ఉండాలి, జెల్ పనిచేయాలంటే డబ్బా మూసి ఉండాలి. రెండూ ఒకేచోట కుదరవు. ఇది తెలుసుకోవడానికి నాకు రెండు వర్షాకాలాలు పట్టింది.

మూడో ఏడాది నుంచి తోలు బూట్లను ఈ డబ్బాల్లోంచి తీసేశాను. బియ్యం పోసుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా, మూతకు రబ్బరు పట్టీ, నాలుగు వైపులా బిగించే కొక్కేలు ఉన్నది, బజారులో నాలుగు వందలకు దొరికింది. బాగా ఆరిన రెండు జతలు, వంద గ్రాముల జెల్, మీటరు అందులో పెట్టి మూత బిగించాను. బయట 80 దాటిన రోజుల్లో కూడా లోపల 45కూ 52కూ మధ్యే ఉంది. జెల్ ఎక్కువ వేయకూడదు. ఒకసారి మూడు వందల గ్రాములు వేస్తే 30కి పడిపోయింది, ఆ ఏడాది బూటు మడత పడే చోట సన్నటి చీలికలు కనిపించాయి. తడి ఉన్న బూట్లను మాత్రం ఇలాంటి డబ్బాలో పెట్టనే వద్దు. అది వాటిని చేతులారా కుళ్లబెట్టుకోవడమే.

జెల్ కొనేటప్పుడు నారింజ రంగుది తీసుకోండి. నీలం రంగుదానిలో కోబాల్ట్ క్లోరైడ్ అనే విషపదార్థం ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో అది వద్దు. నా దగ్గరున్న నారింజ జెల్ తేమ నిండితే ముదురు ఆకుపచ్చగా మారుతుంది. వంటకు వాడని పాత పెనం మీద సన్నటి సెగన కలుపుతూ వేడిచేస్తే రంగు, బరువు రెండూ మళ్లీ మొదటికి వస్తాయి. ఎండలో పెడితే పూర్తిగా ఆరదు, నేను చూశాను. నాఫ్తలీన్ ఉండలు మానేశాను. అవి పురుగులకు మందు, చెమ్మకు కాదు. ఆ వాసన తోలుకు పట్టి నెలల తరబడి పోదు.

ఏ డబ్బా కాపాడలేని నష్టం ఒకటి ఉంది. 2015లో నా పెళ్లికి కొన్న నల్ల బూట్లు పది పన్నెండు సార్లకు మించి వేసుకోలేదు. పైతోలు కొత్తదానిలా మెరుస్తూనే ఉంది. 2021 ఫిబ్రవరిలో మా మేనమామ కూతురి పెళ్లికి కాజీపేటలో ఫంక్షన్ హాలు మెట్లెక్కుతుంటే కాలి కింద ఏదో మెత్తగా నలిగినట్టయింది. వెనక్కి చూస్తే నేను నడిచిన దారి పొడవునా నల్లటి ముక్కలు. సోలును వేలితో నొక్కితే పాత రస్కులా పొడి అయి, వేలికి కొంచెం జిగటగా అంటుకుంది. అంతమంది చుట్టాల మధ్య ఆ రోజంతా చెప్పులు లేకుండానే తిరిగాను.

చౌరస్తా దగ్గర కూర్చుని బూట్లు బాగుచేసే పెద్దాయన వాటిని తిప్పి చూసి, "తోలుకు ఏమీ కాలేదు సార్, సోలే చచ్చింది. తొడుక్కునేవాళ్లవి అరిగి వస్తాయి, దాచుకునేవాళ్లవి పొడి అయి వస్తాయి" అన్నాడు. అది పాలీయురేథేన్ సోలు, దుకాణాల్లో పీయూ అంటారు. గాలిలోని తేమతోనే దాని రసాయన బంధాలు ఏళ్ల తరబడి తెగుతూ ఉంటాయి, వేసుకున్నా వేసుకోకపోయినా. పొడిగా ఉంచితే ఆలస్యమవుతుంది తప్ప ఆగదు. రబ్బరుకు, నడక బూట్లలో వాడే ఈవీఏ అనే తేలికపాటి నురుగు సోలుకు ఈ జబ్బు లేదు. ఆయన నాలుగు వందల యాభైకి రబ్బరు సోలు వేసి కుట్టి ఇచ్చాడు, నేటికీ గట్టిగా ఉంది. అప్పటినుంచి పీయూ సోలు ఉన్న ప్రతి జత లోపలా కొన్న నెల, సంవత్సరం రాసి ఉంచుతాను. ఐదేళ్లలోపే వాడేసుకుంటాను. వాటిని పండగలకని దాచడం మానుకోండి.

2023 జూలై చివరి వానలు ఇక్కడివాళ్లెవరూ మరిచిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. హనుమకొండలో నయీంనగర్ నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. మా ఇంట్లోకి నీళ్లు రాలేదు కానీ ఉత్తరపు గోడ లోపలికంటా నాని వారం రోజులు చెమర్చింది. ఆ గోడకు ఆనించి పేర్చిన ముందు తలుపు డబ్బాల్లో వెనకవైపు నీటి బొట్లు నిలిచాయి, మా ఆవిడ పట్టు చెప్పులు పాడయ్యాయి. అదే గదిలో నడుమ బల్ల మీద ఉన్న బియ్యం డబ్బాలో ఆ వారమంతా 50 దాటలేదు. ఇప్పుడు ఏదీ గోడకు ఆనించను, నాలుగు వేళ్ల ఎడం ఉంచుతాను. సజ్జ మీద కూడా పెట్టను. వేసవిలో అక్కడ స్లాబు వేడికి జిగుర్లు వదులుతాయి.

తోలుకు నూనె విషయంలో ఒక మాట. పరకాల దగ్గర మా ఊళ్లో మా తాత కిర్రు చెప్పులకు ఆముదం పట్టించి, వానాకాలమంతా పొయ్యి పైన పొగ తగిలేలా వేలాడదీసేవాడు. అవి తంగేడు చెక్కతో ఊనిన, అంటే పదునుచేసిన, తోలువి, ఎంత ఆముదమైనా తాగేవి. నేను అదే పని గోధుమరంగు బూట్లకు చేస్తే తోలు నల్లబడి, వారం దాకా జిడ్డు వదల్లేదు. ఇప్పటి బూట్లు ఎక్కువగా క్రోమియంతో ఊనిన తోలువి. వాటికి తోలు క్రీము పలుచగా, బఠానీ గింజంత, చాలు. అదీ దాచడానికి మూడు రోజుల ముందే.

ముందు తలుపు డబ్బాలు ఇంకా వాడుతున్నాను. మా పాప గుడ్డ బూట్లు, నవంబరు నుంచి మే దాకా రోజూ తీసి వేసే జతలు, వీటికి అవి చక్కగా ఉన్నాయి. ఏ జత ఎక్కడుందో కనిపిస్తుంది, దుమ్ము పడదు. ఆరింటిలో రెండింటి అయస్కాంతాలు ఊడాయి, ఒకదాని తలుపు మడత బందు విరిగింది. ఐదుకు మూడు ఇస్తాను. బియ్యం డబ్బాకు నాలుగున్నర, రెండు జతలకే చాలా చోటు తింటుంది కాబట్టి ఆ అర తగ్గించాను.

2024 దసరా ముందు రోజు దాని కొక్కేలు విప్పాను. మీటరు 49 చూపిస్తోంది, జెల్ ఇంకా సగం నారింజగానే ఉంది. గోధుమరంగు జతలోంచి కాగితం తీసి లోపల చెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉంది, తోలు వాసన తప్ప ఇంకే వాసనా లేదు. మర్నాడు సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరకు అవే వేసుకుని వెళ్లాను.