కడపలో కారు స్టీరియో రొదకు మూలం వెతికి పెట్టే షాపు

కడప నుంచి రాయచోటి వైపు వెళ్లే దారిలో, పేరు పలక కూడా పెట్టుకోని ఒక చిన్న ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. కారు స్టీరియోలో పాటతో పాటు వచ్చి చేరే అనవసరపు శబ్దాలను పోగొట్టడంలో ఈ షాపు చూపే ఓపిక, పాటించే క్రమం నాకు మన ఊళ్లో మరెక్కడా కనిపించలేదు గనుక, దాని పనితనం గురించి కొంత వివరంగా రాస్తున్నాను. స్పీకర్లు అమ్మేవారు, బిగించేవారు మనకు చాలామంది ఉన్నారు. బిగించిన తరువాత పుట్టే రొదకు కారణం చెప్పగలిగినవారే అరుదు.

నాది పాత పెట్రోలు కారు. కంపెనీ స్టీరియో స్థానంలో కొత్తది పెట్టి, డిక్కీలో ఆంప్లిఫయర్‌ను, సబ్‌వూఫర్‌ను వేరొక షాపువారు బిగించారు. అప్పటినుంచి ఇంజిన్ వేగంతో పాటు హెచ్చుతూ తగ్గుతూ ఒక సన్నని ఈల స్పీకర్లలో వినిపించేది. ఊరిలో తిరిగేటప్పుడు అంతగా తెలియదు గాని, గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేరులో ఇంజిన్ గట్టిగా తిరుగుతుంటే పాట వినడమే కష్టమయ్యేది. బిగించినవారిని అడిగితే, రొదను అడ్డుకునే ఫిల్టర్ ఒకటి వేయించుకోమని దాని ధర చెప్పారే తప్ప, శబ్దం ఎక్కడినుంచి వస్తోందో చూడలేదు.

ఈ షాపు మెకానిక్ పనిముట్లు ముట్టుకోకముందే పక్క సీటులో కూర్చుని చాలాసేపు విన్నాడు. ఇంజిన్ ఆపి, తాళం ఒక మెట్టు మాత్రమే తిప్పి విన్నాడు. స్టార్ట్ చేసి విన్నాడు. నన్ను యాక్సిలరేటర్ తొక్కమని చెప్పి విన్నాడు. తరువాత వాల్యూమ్‌ను పూర్తిగా తగ్గించి మళ్లీ విన్నాడు. ఈ చివరి పరీక్ష చాలా విలువైనది. వాల్యూమ్ సున్నా చేసినా ఈల అదే స్థాయిలో ఉంటే, అది వాల్యూమ్ నియంత్రణను దాటిన తరువాత, అంటే స్టీరియో నుంచి ఆంప్లిఫయర్‌కు పాట సిగ్నల్‌ను మోసే ఆర్‌సీఏ కేబుల్ దగ్గరో, ఆంప్లిఫయర్ ఎర్త్ (కారు బాడీకి కలిపే తీగ) దగ్గరో చేరుతోందని అర్థం. వాల్యూమ్‌తో పాటు శబ్దమూ పెరుగుతుంటే ఫోను, దాన్ని స్టీరియోకు కలిపే ఆక్స్ తీగ, ఏరియల్ వంటి ముందు భాగాలను అనుమానించాలి. ఇంజిన్ ఆపి ఉన్నా ఎడతెగని బుస వినిపిస్తుంటే చాలాసార్లు దానికి కారణం ఆంప్లిఫయర్ మీది గెయిన్ అనే నాబ్‌ను అవసరానికి మించి తిప్పి ఉంచడమే. గెయిన్ ఉన్నది స్టీరియో పంపే సిగ్నల్ వోల్టేజీకి ఆంప్లిఫయర్‌ను సరిపెట్టడానికి. దాన్ని రెండో వాల్యూమ్‌లాగా వాడితే సిగ్నల్‌తో పాటు బుస కూడా పెద్దదవుతుంది.

నా కారులో వాల్యూమ్ సున్నా చేసినా ఈల తగ్గలేదు. దానితో అతడు బానెట్ ఎత్తి, బ్యాటరీ నుంచి డిక్కీకి వెళ్లే కరెంటు తీగను చూసి పని ఆపేశాడు. ఆ తీగకు బ్యాటరీ దగ్గర ఫ్యూజే లేదు. ఈలకూ దీనికీ సంబంధం లేకపోయినా, ముందు అది పెట్టనిదే మిగతా పని చేయనన్నాడు. నాకు ఈ షాపు మీద నమ్మకం కలిగింది అప్పుడే. బ్యాటరీ నుంచి సుమారు 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండాలి. లేకపోతే దారిలో తీగ తోలు ఊడి బాడీకి తగిలినప్పుడు కరెంటును ఆపేది ఏదీ ఉండదు, కారు అంటుకునే ప్రమాదం ఉంది. స్టీరియో బిగింపులో ఇంతకంటే పెద్ద నిర్లక్ష్యం మరొకటి లేదు. ఆంప్లిఫయర్ ఉన్న ప్రతివారూ ఒకసారి బానెట్ ఎత్తి దీన్ని చూసుకోవాలని నా విన్నపం.

తరువాత మల్టీమీటరుతో బ్యాటరీని చూశాడు. ఇంజిన్ ఆపినప్పుడు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 14 పైన. అదే చోట మీటరును ఏసీకి మార్చి మరోసారి చూశాడు. మన మెకానిక్కులు డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్ నిజానికి ఏసీ కరెంటునే పుట్టిస్తుంది. లోపలి డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. మార్పిడి తరువాత కూడా కొద్దిపాటి అల మిగులుతుంది, ఇంజిన్ వేగం పెరిగినకొద్దీ ఆ అల వేగమూ పెరుగుతుంది. ఈల స్వరం హెచ్చడానికి కారణం ఇదే. ఒక డయోడు చెడిపోతే అల బాగా పెద్దదై మీటరులో బయటపడుతుంది, అప్పుడు స్టీరియో జోలికి పోకుండా డైనమోనే బాగు చేయించాలి. నా కారులో అది మామూలుగానే ఉంది.

మిగిలింది ఎర్త్. సిస్టమ్ మొత్తం ఆపిన తరువాతే ఆర్‌సీఏ కేబుల్‌ను ఊడదీశాడు. కరెంటు ఉండగా పీకితే కొన్ని స్టీరియోలలో ఆ అవుట్‌పుట్ ఎర్త్‌కు ఉండే అతి చిన్న ఫ్యూజు పోయి, లేని ఈల కొత్తగా మొదలవుతుందని చెప్పాడు. ఛార్జరుకు తగిలించని ఒక ఫోనును నేరుగా ఆంప్లిఫయర్‌కు కలిపి ఇంజిన్ స్టార్ట్ చేస్తే, పాట శుభ్రంగా వినిపించింది. ఆంప్లిఫయర్‌లో లోపం లేదని, స్టీరియో ఎర్త్‌కూ ఆంప్లిఫయర్ ఎర్త్‌కూ మధ్యనే తేడా ఉందని తేలింది. రెండు ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా చాలు, ఆర్‌సీఏ కేబుల్‌కు పైపొరగా ఉండే తీగల అల్లిక గుండా కరెంటు పారుతుంది. డైనమో అల దానితో పాటే వస్తుంది. ఆంప్లిఫయర్ దాన్ని కూడా పాటలో భాగంగానే తీసుకుని పెద్దది చేస్తుంది.

వెనుక సీటు ఎత్తి చూస్తే, ఆంప్లిఫయర్ ఎర్త్ తీగను రంగు గోకకుండానే బాడీ మీద ఒక స్క్రూతో అదిమి పెట్టారు. అతడు అక్కడ మెరిసే ఇనుము కనిపించేదాకా రంగు గీకి, కరెంటు తీగతో సమానమైన మందం ఉన్న పొట్టి తీగకు రింగు టెర్మినల్ నొక్కి, బోల్టుతో గట్టిగా బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాశాడు. ఈల దాదాపు పోయింది. పూర్తిగా పోకపోవడానికి కారణం కూడా వెంటనే దొరికింది: ఆర్‌సీఏ కేబుల్‌ను, కరెంటు తీగను ఒకే పక్క, ఒకే కట్టగా లాగారు. కార్పెట్ ఎత్తి ఆర్‌సీఏను రెండో పక్కకు మార్చిన తరువాత, పాట ఆపి ఇంజిన్‌ను ఎంత రేస్ చేసినా స్పీకర్లు మౌనంగానే ఉన్నాయి.

అతని దగ్గరా ఫిల్టర్లు ఉన్నాయి. ఎందుకు అమ్మలేదని అడిగితే, "ఫిల్టర్ పెడితే సౌండ్ తగ్గుతాది సార్, రోగం మాత్రం అట్లే ఉంటాది" అన్నాడు. అడిగేవారికి తగిన జవాబే అది. ఇలాంటి ఈలకు అమ్మే ఫిల్టర్లలో ఒక రకమైన గ్రౌండ్ లూప్ ఐసోలేటర్లలో ఉండేది చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు. చవక రకాలు అడుగు స్వరాలను (బేస్) పలుచన చేస్తాయి, సబ్‌వూఫర్ కోసం డబ్బు పెట్టినవారికి అది నష్టమే. అయితే అవి పూర్తిగా పనికిరానివని నేను అనను. ఫోనును కారు ఛార్జరుకు తగిలించి ఆక్స్ తీగతో పాటలు వినేవారికి వచ్చే గుయ్‌మనే శబ్దానికి ఐసోలేటరే సులువైన మందు. లేదా బ్లూటూత్‌కు మారితే అసలు ఖర్చే లేదు.

మా ఇంట్లో పెద్దవారికి కడప ఆకాశవాణి వినడం అలవాటు. మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్ దగ్గర చిటపటలు ఎక్కువగా ఉన్నాయని చెబితే, కారులోని ఛార్జర్లు, ఎల్‌ఈడీ దీపాలు ఒక్కొక్కటే తీయించి విన్నాడు. డ్యాష్‌క్యామ్ ఛార్జరు తీయగానే చిటపట చాలావరకు తగ్గింది. మీడియం వేవ్‌లో వచ్చే ఏఎం ప్రసారంలో రేడియో తరంగపు ఎత్తులోనే ధ్వని ఉంటుంది గనుక బయటి రొద సులభంగా కలిసిపోతుంది. హైటెన్షన్ తీగల కింద వినిపించే గరగరను ఏ షాపువారూ తీయలేరని కూడా అతడు ముందే చెప్పాడు.

లోపాలూ చెప్పాలి. ఒకేసారి ఒక్క కారే చూస్తాడు, ఎంతసేపు పడుతుందో చెప్పడు, కూర్చోవడానికి రేకుల నీడ తప్ప ఏమీ లేదు, కడప ఎండల్లో అది చిన్న ఇబ్బంది కాదు. ముద్రించిన బిల్లు ఇవ్వడు. చేసిన పనిని కాగితం మీద రాయించుకోవాల్సి వచ్చింది. ఒక అతుకుకు నల్ల టేపు చుట్టబోతే, వేడికి ముడుచుకునే గొట్టం వేయమని నేనే అడిగాను; అడగగానే వేశాడు గాని, అది అడగకుండానే జరగాల్సిన పని. షాపులో ఉన్న తీగ కూడా రాగి పూత పూసిన అల్యూమినియం రకం. స్వచ్ఛమైన రాగి తీగ కావాలంటే ముందుగా చెప్పి తెప్పించుకోవడం మంచిది, ఎందుకంటే అదే మందానికి అల్యూమినియం తీగ తక్కువ కరెంటునే మోయగలదు. కూలి మాత్రం, పాత షాపువారు ఫిల్టర్‌కు అడిగిన ధర కంటే తక్కువే అయింది.

వారంటీలో ఉన్న కొత్త కార్లకు, కంపెనీ టచ్‌స్క్రీన్ సిస్టమ్‌లకు ఈ షాపును నేను సూచించను. తీగలు విప్పితే వారంటీకి చిక్కు రావచ్చు, కాబట్టి వారు కంపెనీ సర్వీస్ సెంటరుకే వెళ్లాలి. బయట బిగించిన స్టీరియో, ఆంప్లిఫయర్ ఉన్నవారు నిశ్చింతగా వెళ్లవచ్చు. ఎండ ముదరకముందే వెళ్లండి, డిక్కీ ఖాళీ చేసి తీసుకెళ్లండి, శబ్దం ఎప్పుడు వస్తుందో, దేనితో పాటు మారుతుందో ముందే గమనించి చెప్పండి. అతడు మొదట అడిగేది దాని గురించే.