సెన్సేట్ ఫోకస్ థెరపీ: ఒత్తిడి వల్ల దెబ్బతిన్న దాంపత్యానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఒత్తిడితో వచ్చే అంగస్తంభన సమస్యకు ఆలుమగలిద్దరూ కలిసి చేసుకునే వైద్యం సెన్సేట్ ఫోకస్. అమెరికాలో లైంగిక విషయాల పరిశోధకులు విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ 1970లో దీన్ని వెలుగులోకి తెచ్చారు. మాత్ర కోసం నేరుగా మందుల షాపుకెళ్లే పెళ్లయిన మగవాళ్లలో చాలామందికి ముందుగా అందాల్సింది ఇదేనని మా గట్టి అభిప్రాయం.

మనసు గుబులుగా ఉంటే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, అంగంలోని రక్తనాళాలు బిగుసుకుంటాయి, నిండాల్సిన రక్తం నిండదు. ఒక రాత్రి ఇలా జరిగిందా, మర్నాడు పక్కమీదికి చేరకముందే ‘ఇవాళైనా అవుతుందా’ అన్న దిగులు. అతను ముఖం చాటేస్తాడు. తనంటే ఇష్టం పోయిందని ఆమె కుమిలిపోతుంది. చివరికి చేయి పట్టుకోవడం కూడా మానేస్తారు.

తెల్లవారుజామున స్తంభన మామూలుగా వస్తుంటే ఇబ్బంది ఎక్కువగా మనసుదే. అయినా మంచి డాక్టరు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఉదయం పూట టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) పరీక్షలు చేయిస్తారు, వాడుతున్న బీపీ, డిప్రెషన్ మందుల గురించి అడుగుతారు. ఇవేవీ అడగని చోట డబ్బు కట్టొద్దు.

ఈ థెరపీలో మొదటి నియమం, కొన్ని వారాలు కలయిక పూర్తిగా బంద్. వారానికి రెండు మూడు సార్లు, ఫోన్లు పక్కన పెట్టి, తలా పావుగంట ఒకరినొకరు తాకాలి. వీపు, అరచేతులు, జుట్టు, పాదాలు సరే, రొమ్ములూ జననాంగాలూ వద్దు. చర్మం వెచ్చదనం మీదా నునుపు మీదా ధ్యాస ఉండాలి. ఉద్రేకం వచ్చిందా అని చూసుకోకూడదు. ఇది అలవాటయ్యాక జననాంగాల స్పర్శ, ఆ తర్వాత కదలిక లేని ప్రవేశం, చివర్లో పూర్తి కలయిక. మొత్తం రెండు మూడు నెలలు పడుతుంది.

ఎక్కువగా చెడేది మొదటి మెట్టులోనే. స్తంభన రాగానే సంబరపడి నియమం తప్పుతారు, అంతటితో ‘అవుతుందా’ అన్న భయం తిరిగొస్తుంది. భార్యకు చెప్పకుండా భర్త ఒక్కడే వెళ్లినా ఫలితం తక్కువే. అత్తమామలు, పిల్లలతో ఇరుకింట్లో ఉండేవాళ్లకు ఏకాంతం దొరకడం నిజంగా కష్టం, ఆ సంగతి మొదటి రోజే థెరపిస్టుకు చెప్పాలి. ఇద్దరి మధ్య తగవు రగులుతుంటే ముందు అది తేలాలి. లేకపోతే ఆ స్పర్శ చిరాకే తెప్పిస్తుంది.

షుగర్‌తో నరాలు దెబ్బతిన్నవాళ్లకు ఇదొక్కటే చాలదు. డాక్టరు రాస్తే సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) మాత్రను దీనికి తోడుగా వాడొచ్చు. సాధారణంగా 50 మిల్లీగ్రాములు, గంట ముందు, నూనె వంటలు దండిగా తిన్న కడుపుతో కాదు. కోరిక లేనిచోట ఆ మాత్ర పనిచేయదు. గుండెనొప్పికి సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్లు దాన్ని ముట్టనే కూడదు, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఫోన్లో రెండు ప్రశ్నలు అడగండి: భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టి చూస్తారా, ఇంట్లో చేయాల్సింది వారం వారం రాసిస్తారా? రెండింటికీ అవుననే సైకియాట్రిస్టు దగ్గరికో, క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికో ఇద్దరూ కలిసే వెళ్లండి.