ఆక్టేవా, పైథాన్ ప్యాకేజీలా: ప్రాజెక్టుకి ఏది మేలు?

ఒడిశాలోని గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి కాలేజీల్లో చదివే మన తెలుగు పిల్లలు ప్రాజెక్టులు మొదలవగానే అడిగేది ఇదే: "ఆక్టేవ్‌లో చేసేయాలా, పైథాన్ నేర్చుకోవాలా?" ఆక్టేవ్ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్, పైథాన్ ప్రోగ్రామింగ్ భాష. రెండూ ఉచితమే, ఓపెన్ సోర్సే. మాత్రికల లెక్కలకి రెండూ ఆధారపడేది బ్లాస్, ల్యాపాక్ అనే లైబ్రరీల మీదే. అందుకని ఆ లెక్కల్లో జవాబు తప్పొస్తుందేమో అన్న టెన్షన్ అక్కర్లేదు. అసలు తేడా పని పంచుకునే తీరులో ఉంది.

ఆక్టేవ్‌ని ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే మాత్రికలు, గ్రాఫులు, అవకలన సమీకరణాలు అన్నీ ఒకే చోట దొరుకుతాయి. మ్యాట్‌ల్యాబ్ అనే వాణిజ్య సాఫ్ట్‌వేర్ కోసం రాసిన ల్యాబ్ ప్రోగ్రాములు చాలావరకు యథాతథంగా నడుస్తాయి. దాంట్లో బొమ్మలతో కట్టే సిమ్యులింక్ మోడళ్లు మాత్రం నడవవు. సిలబస్‌లో మ్యాట్‌ల్యాబ్ ఉండి, పరీక్ష దగ్గర పడితే ఇంకేమీ ఆలోచించకండి, ఆక్టేవే.

పైథాన్‌లో ఒక్కో పనికి ఒక్కో ప్యాకేజీ, ఎవరి పని వాళ్లది. ఫైలు చదివి పట్టికగా పెట్టేది పాండాస్. అంకెల్ని వరసగా పట్టి ఉంచేది నంపై. గణాంకాలు, ఆప్టిమైజేషన్ సైపైవి. గీసేది మ్యాట్‌ప్లాట్‌లిబ్. ఒకప్పుడు న్యూమరిక్, నమ్‌అర్రే అని రెండు రకాల అర్రేలు (అంకెల వరసలు) ఉండేవి. ఒకదాని కోసం రాసిన ప్యాకేజీ రెండోదానితో సరిగ్గా పొసిగేది కాదు. 2005లో ట్రావిస్ ఒలిఫాంట్ ఆ రెండింటినీ కలిపే పనికి పూనుకున్నాడు. 2006లో నంపై 1.0 వచ్చింది. ఈ ప్యాకేజీలన్నీ ఇవాళ కలిసి పనిచేస్తున్నాయంటే ఆ ఒక్క అర్రే చలవే.

వంశధార వరదల మీద ప్రాజెక్టు అనుకుందాం. కాశీనగర్ దగ్గర ఏటా నమోదైన గరిష్ఠ ప్రవాహాలు మీ చేతిలో ఉన్నాయి. వందేళ్లకోసారి వచ్చే వరద ఎంతో గంబెల్ పద్ధతిలో (గరిష్ఠాల్ని అంచనా వేసే గణాంక పద్ధతి) లెక్కగట్టాలి. దానికి డేటా సగటు, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) కావాలి. డేటాలో ఒక ఏడాది ఖాళీగా ఉంటే పాండాస్ దాన్ని వదిలేసి సగటు ఇస్తుంది. అదే డేటాని నంపై అర్రేగా మార్చి సగటు అడిగితే "నాన్" (అంకె కాదు) అంటుంది. ప్రామాణిక విచలనానికి పాండాస్ ఎన్-1తో (ఎన్ అంటే డేటాలోని ఏళ్ల సంఖ్య) భాగిస్తుంది, నంపై ఎన్‌తో. ఇరవై ఏళ్ల డేటాకి ఇది దాదాపు 2.6 శాతం తేడా. సగటుకి పైన ఎంత వరద వస్తుందో చెప్పే అంకెలోకి ఈ తేడా మొత్తంగా దిగుతుంది. సైపైలోని గంబెల్ ఫిట్‌కి ఇస్తే అది మామూలుగా గరిష్ఠ సంభావ్యత పద్ధతి (మన డేటాకి బాగా సరిపడే విలువల్ని వెతికేది) వాడుతుంది కనుక జవాబు మరోలా ఉంటుంది.

ఆక్టేవ్‌లో విచలనం మొదటినుంచీ ఎన్-1తోనే వస్తుంది, ఈ తికమక లేదు. ఆ మేరకు దానిదే పైచేయి. అయినా నా మొగ్గు పైథాన్ వైపే. ఒక ప్యాకేజీ నుంచి ఇంకోదానికి డేటా చేతులు మారే ప్రతిచోటా ఆగి చూసుకోవచ్చు, తేడా ఎక్కడ పుట్టిందో వేలుపెట్టి చూపించవచ్చు. ఇంకా పెద్ద సంగతి, ఒక భాగాన్ని మార్చినా మిగతావి కదలవు. రేపు నదిలో కొలిచిన గేజ్ లెక్కల బదులు వాతావరణ శాఖవారి 0.25 డిగ్రీల గ్రిడ్ వర్షపాతం తీసుకున్నారనుకోండి. పాండాస్ స్థానంలో గ్రిడ్ డేటాని చూసుకునే ఎక్స్‌అర్రే వస్తుంది. దాని లోపల ఉన్నదీ నంపై అర్రేనే. సైపై, మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైన్లు దాదాపు అలాగే ఉంటాయి. నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే.

దీనికి చెల్లించే మూల్యం వెర్షన్ల గొడవ. 2024 జూన్‌లో నంపై 2.0 వచ్చాక, పాత నంపై మీద కంపైల్ చేసిన ప్యాకేజీలు చాలా మొరాయించాయి. ప్రతి ప్రాజెక్టుకీ వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టు ప్యాకేజీలు విడిగా ఉండే చోటు) పెట్టుకోండి.

ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఇంకా ఉన్నాయి. సేజ్ శుద్ధ గణితం వాళ్లకి మంచిది, కానీ డౌన్‌లోడ్ బరువు. సైల్యాబ్ పనికొస్తుంది, మ్యాట్‌ల్యాబ్ కోడ్ మాత్రం మార్చి రాయాలి. జూలియా అనే భాష సంగతి తర్వాత చూసుకోవచ్చు.

హాస్టల్లో నెట్ నెమ్మదిగా ఉంటే ఒకరు "పిప్ డౌన్‌లోడ్" ఆదేశంతో పైథాన్ ప్యాకేజీలన్నీ దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. మిగతావాళ్లు నెట్ లేకుండానే దాన్నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. అందరి దగ్గరా ఒకే పైథాన్ వెర్షన్, ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేలా ముందే చూసుకోండి.