కడపలో రాత్రిపూట శాండ్‌విచ్‌లు

గండికోటలో పెన్నా లోయ పైన పొద్దుగూకేదాకా కూర్చుంటే, జమ్మలమడుగు మీదుగా సుమారు 80 కిలోమీటర్లు వచ్చి కడప చేరేసరికి బాగా రాత్రవుతుంది. కోట దగ్గరే టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది. మాకు తెల్లవారుజామున రైలు కాబట్టి కడపలోనే రూమ్ తీసుకున్నాం. బస్టాండు దగ్గరి లాడ్జి. దుప్పట్లు శుభ్రం, వేన్నీళ్లు మాత్రం రాలేదు. ఒక్క రాత్రికి ఫర్వాలేదు.

మెస్సులన్నీ కట్టేశారు. కోటిరెడ్డి సర్కిల్ వైపు నడుస్తుంటే నాలుగు ప్లాస్టిక్ స్టూళ్లు వేసిన చిన్న శాండ్‌విచ్ కొట్టు కనిపించింది. నేనూ, మా ఆవిడా, బామ్మర్దీ నాలుగు రకాలు చెప్పి పంచుకున్నాం.

చీజ్ గ్రిల్డ్ చూడ్డానికి బాగుంది కానీ, రెండు ముక్కలకే మొహం మొత్తింది. పనీర్‌ది అన్నిటికన్నా రేటెక్కువ. లోపల మాత్రం పనీర్ కంటే క్యాప్సికమే ఎక్కువ. ఆ డబ్బులు దండగ. ఆలూ మసాలాది కడుపు నిండుతుంది, పిల్లలకు అదే మేలు.

అసలు తినాల్సింది అక్కడి కారం శాండ్‌విచ్. కడప కారం దోసెకు పూసే ఎర్రకారమే ఇది: ఎండుమిరపకాయలు, ఉల్లిగడ్డ, ఉప్పు కలిపి నూరిన ముద్ద. దాన్ని బ్రెడ్డుకు పలుచగా పూసి, పైన పప్పుల పొడి చల్లి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు పెడతారు. కరెంటు గ్రిల్ జోలికి పోకుండా, పొడుగు కాడల ఇనుప టోస్టర్‌లో బిగించి గ్యాసు మంట మీద అటూ ఇటూ తిప్పుతారు. అంచులు రెండూ అతుక్కుని కరకరలాడతాయి, లోపలి కారం వేడెక్కి పచ్చివాసన పోతుంది. పప్పుల పొడి తడిని పీల్చుకుంటుంది కాబట్టి బ్రెడ్డు మెత్తబడదు. పుదీనా చట్నీ పూసినవి ప్లేటులోకి వచ్చేలోపే నానిపోయాయి. రెండూ పక్కపక్కన తింటేనే ఈ తేడా తెలుస్తుంది.

"కారం బాగా వేసేదా అన్నా?" అని అడిగితే అలవాటు లేనివాళ్లు తగ్గించమనడమే మంచిది. మా బామ్మర్ది ఊఁ అనేసి, రెండు గ్లాసుల మజ్జిగ తాగాడు.

రేట్లు తక్కువే, ముగ్గురికీ కలిపి మామూలు హోటల్లో ఒక బిర్యానీ ఖర్చు కూడా కాలేదు. తాగునీళ్లు క్యాన్‌వే. చేతులు కడుక్కోవడానికి డ్రమ్ము, మగ్గు పెట్టారు. ఫోన్‌పే తీసుకుంటారు. బాగా ఆలస్యమైతే బ్రెడ్డు అయిపోతుంది, అప్పుడిక ఆమ్లెట్టుతో సరిపెట్టుకోవాల్సిందే.